అయిదు పొరలు

బిడ్డను త్రేన్పించేటప్పుడు వేసుకునే భుజం గుడ్డను ముక్కు దగ్గరికి తీసుకుని ఒక్కసారి పీల్చి రదోయ్‌క మొహం పక్కకు తిప్పుకుంది. తిప్పుకోవలసిన దానికంటే కొంచెం ఎక్కువే తిప్పుకుంది. తరవాత ఆ గుడ్డను కోడలి ఒళ్ళో పడేసింది.

"మళ్ళీ అదే పులుపు. నువ్వే చూసుకో."

నెవెన చూడలేదు. బిడ్డ ఇంకా ఆమె భుజం మీదే ఉన్నాడు. వీపు మీద తడుతుంటే త్రేన్చాడు, త్రేన్పుతో పాటు గుక్కెడు పాలు కక్కాడు. పాలు కొత్త గుడ్డ మీది బొమ్మ బాతుల మీదుగా జారి వాడి గడ్డం కింది మడతల్లోకి చేరాయి. ఆమె ఆ తడిని వేళ్ళతోనే తుడిచింది.

"పిల్లలన్నాక కక్కుతారు అత్తయ్యా."

"కక్కరని ఎవరన్నారు? నా ఇద్దరూ కక్కారు. ఇట్లా పులిసిన కంపు మాత్రం కొట్టలేదు. పాలల్లో ఉంది పిల్లా దోషం. గుడ్డల్లో ఎక్కణ్ణుంచి వస్తుంది? ఉడకబెట్టి ఉతుకుతున్నాను, రెండు పక్కలా ఇస్త్రీ చేస్తున్నాను."

అందులో అబద్ధం లేదు. ఇస్త్రీ విషయంలో రదోయ్‌కను డాన్యూబ్ నది ఒడ్డున ఉన్న స్మెదెరెవో ఊళ్ళో ఎవరూ వేలెత్తి చూపలేరు. పుట్టిన బిడ్డ బట్టను నలభై రోజుల వరకు లోపలా బయటా రెండు వైపులా ఇస్త్రీ చేయాలి. ఆమె మేజోళ్ళను కూడా తిరగేసి చేస్తుంది. తొట్టి పక్కన అల్మారాలో ఆ గుడ్డల దొంతర ఇటుకల గోడలా నిలబడి ఉంటుంది.

ఆ గుడ్డలన్నీ ఆమె ఒక్క ఊపులో కుట్టినవే. బిడ్డ పుట్టక ముందు ఆ ఇంట్లో వాడి పేరున సూదిలో దారం ఎక్కించరు. అందుకని నెవెన ఆస్పత్రిలో ఉన్న నాలుగు రోజుల్లోనే రదోయ్‌క అంగడికి వెళ్ళి గుడ్డ ఎంచి, కత్తిరించి, కుట్టి, ఉతికి సిద్ధం చేసింది. పైన బాతుల బొమ్మలున్న మెత్తటి నూగు గుడ్డ, చెయ్యి వేస్తే కుందేలు పిల్లను నిమిరినట్టుండేది. అడుగున ఫ్లానెల్. మధ్యలో పాత టవలు, దానికి అటొకటి ఇటొకటి తెత్రా. తెత్రా అంటే పలచటి నేత నూలు గుడ్డ, ఆ దేశంలో ప్రతి తల్లీ లంగోటాకూ తుండుకూ మూతి తుడవడానికీ వాడేది. మొత్తం అయిదు పొరలు. నాలుగు వైపులా కుట్టి, పొరలు కదలకుండా మధ్యలో బొంతకు వేసినట్టు గళ్ళు గళ్ళుగా కుట్లు వేసింది. ఒక్క కుట్టు వంకర పోలేదు.

"వరదొచ్చినా కిందికి దిగదు," అంది రదోయ్‌క, నెవెన ఆస్పత్రి నుంచి వచ్చిన రోజు, గుడ్డను రెండు చేతుల్తో పట్టుకుని చూపిస్తూ. నెవెనకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి ఆ రోజు. అత్తగారి చేతిని ముద్దు పెట్టుకుంది.

నిజంగానే కిందికి దిగలేదు.

*

బుధవారం పొద్దున ఇళ్ళ వెంట తిరిగే నర్సు వచ్చింది. బూట్లు గుమ్మంలో విప్పి, మేడ మీదికి ఎక్కేసరికి ఆమెకు ఆయాసం వచ్చింది. బిడ్డను తూచింది. బాగా పెరిగాడంది. బొడ్డు చూసింది, కళ్ళు చూసింది. గడ్డం కింద ఎర్రగా ఒరుసుకుపోయిన చోట పౌడరు వద్దు, నూనె రాయమంది. సంచి మూస్తుండగా రదోయ్‌క దొంతరలోంచి కాక, ఉతకడానికి వేసిన వాటిలోంచి ఒక భుజం గుడ్డ తెచ్చి ఆమె ముక్కు కింద పెట్టింది.

"ఇది చూడు సిస్టరమ్మా. నువ్వు చదువుకున్నదానివి. నేను చెబితే మా కోడలికి ఎక్కదు."

నర్సు వాసన చూసింది. నొసలు ముడిచింది. "ఏం తింటోంది అమ్మాయి?"

"అన్నీ తింటుంది. చిక్కుడు గింజలంటుంది, ఊరవేసిన క్యాబేజీ అంటుంది. మొన్న మిరపకాయ కూడా."

"అవన్నీ ఆపేయండి. ఉల్లిపాయ కూడా. శుక్రవారం దాకా చూడండి. తగ్గకపోతే రోజుకో సీసా డబ్బా పాలు పట్టి చూడొచ్చు."

"నాకు పాలు సరిపోతున్నాయి," అంది నెవెన. "బరువు పెరిగాడని మీరే అన్నారు."

"సరిపోవడం వేరు, పడటం వేరమ్మా," అంటూ నర్సు అప్పటికే మెట్లు దిగుతోంది. కింద గుమ్మంలో నిలబడే కాఫీ తాగి వెళ్ళిపోయింది.

'చూడొచ్చు' అన్న మాట సాయంత్రానికి 'పట్టాలి' అయింది. రదోయ్‌క పెరట్లో బట్టలు తీస్తూ కంచె అవతలి బోసిల్కకు చెప్పడం మేడ మీది కిటికీలోంచి నెవెనకు స్పష్టంగా వినపడింది.

"మా కోడలి పాలు పులిసిపోయాయట. నేనన్నది కాదు, నర్సే చెప్పి వెళ్ళింది."

"అయ్యో పాపం. మా మేకకి ఒకసారి అట్లాగే అయింది వదినా. సారా కాచినాక పారబోసిన ద్రాక్ష పిప్పి తినేసి. మూడు రోజులు ఆ పాలు ముట్టలేకపోయాం."

"మేక నయం. ఎదురు చెప్పదు."

ఇద్దరూ నవ్వారు. నెవెన కిటికీ మూయలేదు. మూస్తే చప్పుడవుతుంది, తాను విన్నట్టు తెలుస్తుంది. తెలిస్తే తెలియనీ అనుకుంది మళ్ళీ. అయినా మూయలేదు. బిడ్డను తొట్టిలో పడుకోబెట్టి రెండు చేతులూ చంకల్లో పెట్టుకుని నిలబడింది.

పెరట్లో రదోయ్‌క తొందర తొందరగా దండెం ఖాళీ చేస్తోంది. పొద్దు బోసిల్క వాళ్ళ పాక మీదికి వాలిపోయింది. పొద్దు కుంకాక పసిబిడ్డ బట్ట బయట ఉండకూడదు. ఉంటే చీకట్లో తిరిగేదేదో దాన్ని తాకుతుంది, బిడ్డకు నిద్ర ఉండదు. నెవెన పుట్టింట్లోనూ ఇదే ఆచారం, దీని మీద ఎవరికీ పేచీ లేదు. కాకపోతే అది మార్చి నెల. డాన్యూబ్ మీది పొగమంచు పదిగంటలకు గాని లేవడం లేదు. లేచాక వచ్చే ఎండ ఎండలాగే ఉండదు. బట్ట ఆరినా ఆరకపోయినా పొద్దు వాలితే లోపలికి రావలసిందే. మిగిలిన తడి సంగతి ఇస్త్రీపెట్టె చూసుకుంటుంది.

*

రాత్రి భోజనానికి సర్మ చేసింది రదోయ్‌క, ఊరిన క్యాబేజీ ఆకుల్లో మాంసమూ బియ్యమూ చుట్టి ఉడికించి. కుండ మూత తీయగానే ఇల్లంతా ఘుమఘుమలాడింది. నెవెన కంచంలో మాత్రం ఉడికించిన బంగాళాదుంప, తోలు తీసిన కోడి ముక్క. ఉప్పు కూడా ఆలోచించి వేసినట్టుంది.

భర్త స్తేవాన్ డబ్బా పాలు తెచ్చి బల్ల మీద రొట్టె పక్కన పెట్టాడు. తల్లి ఫోను చేసి చెప్పిందట, ఉక్కు ఫ్యాక్టరీ నుంచి వస్తూ మందుల దుకాణంలో ఆగాడట.

"శుక్రవారం దాకా అంది కదా," అంది నెవెన.

"ఉంటే పోలా. తెరిచి పెట్టమన్నానా?"

"నువ్వు ఆ గుడ్డ వాసన చూశావా?"

"అమ్మ చూసింది కదా."

"నిన్నడుగుతున్నాను."

స్తేవాన్ సర్మను చెంచాతో రెండు ముక్కలు చేసి, ఒకటి నోట్లో పెట్టుకుని, నమిలి మింగి అప్పుడు అన్నాడు. "అయితే అయిందిలే నెవెనా. పులిస్తే పులిశాయి. నువ్వేమైనా కావాలని చేశావా? ఎవరూ నిన్నేం అనట్లేదు."

నెవెనకు అత్తగారి మాటకు లేని కోపం ఈ మాటకు వచ్చింది. తప్పు తనదేనని తేల్చేసి, దాన్ని క్షమించేసి, మళ్ళీ సర్మ తినడం మొదలుపెట్టాడు.

"తిను, చల్లారిపోతుంది," అంది రదోయ్‌క.

నెవెన తినేసింది. ఆకలిగా ఉంది. తింటున్నందుకు తన మీద తనకే ఒళ్ళు మండింది.

*

గురువారం పొద్దున బిడ్డ పాలు తాగి కక్కకుండానే నిద్రపోయాడు. నెవెన కిటికీ దగ్గర కూర్చుంది. ఏడుపు వచ్చింది. తనకు ఏడవడం ఇష్టం లేదు. చేతికందిన గుడ్డ, దొంతరలో అన్నిటికంటే పైనున్నది, ముందురోజు సాయంత్రం ఇస్త్రీ అయినది, తీసి మొహానికి గట్టిగా నొక్కుకుంది.

ముందు ఇస్త్రీ వాసన వచ్చింది. దాని కింద సబ్బు. దాని కింద పులుపు.

ఆమె ఏడుపు ఆగిపోయింది. మళ్ళీ పీల్చింది. ఉతికాక బిడ్డ ఈ గుడ్డను ఇంకా ముట్టలేదు. తన పాలు దీనికి ఇంకా తగలలేదు. దొంతరలోంచి రెండోది తీసింది, తరవాత అడుగునుంచి ఒకటి. అన్నీ అంతే. పైపైన పొడిగా వెచ్చగా ఉన్నాయి, ముక్కు లోపలికి పెడితే మాత్రం మూడు రోజులు మూత పెట్టి మరిచిపోయిన గిన్నె వాసన.

బిడ్డ గోళ్ళు తీసే చిన్న కత్తెరతో ఒక గడి కుట్టు విప్పి వేలు దూర్చింది. మధ్యలో టవలు చల్లగా, చెమ్మగా తగిలింది. పైన ఎర్రగా కాలి లోపల పిండి పచ్చిగా ఉన్న రొట్టెలో వేలు పెట్టినట్టుంది.

గుడ్డ పట్టుకుని కిందికి దిగింది. రదోయ్‌క వంటింట్లో బంగాళాదుంపలు చెక్కు తీస్తోంది.

"అత్తయ్యా, దీంట్లో ఒకసారి వేలు పెట్టండి."

రదోయ్‌క వేలు పెట్టలేదు. ఊడిన కుట్టును చూసింది. "కోశావా?"

"లోపల తడి ఆరలేదు. ఏ రోజూ ఆరలేదు. ఆ తడే పులుస్తోంది."

"నా కుట్టు విప్పావు."

"నా పాలు పులిశాయన్నారు మీరు. బోసిల్కతో కూడా అన్నారు."

"నర్సు అన్నది."

"ఆమె నా పాలు చూసిందా? మీరిచ్చిన గుడ్డ వాసన చూసింది. ఉతికాక బిడ్డ ఇంకా ముట్టని గుడ్డ ఇది. ఇదీ కంపు కొడుతోంది. చూడండి."

రదోయ్‌క చేతిలో చాకు ఆగింది. ఒక్క క్షణం ఆ గుడ్డ వైపు తల వంగుతుందనిపించింది. వంగలేదు. "ముప్పై ఏళ్ళుగా ఇస్త్రీ చేస్తున్నదాన్ని. ఆరని బట్ట ఏదో నాకు తెలియదా? మనసులో ఉక్రోషం పెట్టుకుంటే పాలు ఇంకా పాడవుతాయి. పైకెళ్ళి పడుకో. రేపు శుక్రవారమే కదా."

డబ్బా పొయ్యి పైన అలమరలో, ఉప్పు పక్కన ఉంది.

*

నలభై రోజులు నిండే దాకా బాలింత గడప దాటకూడదు. కాబట్టి అంగడికి వెళ్ళి గుడ్డ ఎంచుకునే వీలు లేదు. కుట్టుమిషను అత్తగారి గదిలో ఉంది, అడగాలనిపించలేదు. నెవెన మేడ మీద ఉన్నవన్నీ మంచం మీద పోసింది. ఒక గ్లాసులో నీళ్ళు, ఒక చెంచా తెచ్చుకుంది.

ముందుగా బాతుల గుడ్డ మీద చెంచాడు నీళ్ళు పోసింది. నీళ్ళు ముత్యంలా గుండ్రంగా నిలబడి, గుడ్డ వంచగానే జారి దుప్పటి మీద పడ్డాయి. బిడ్డ గడ్డం కింద ఎరుపు ఎందుకో తెలిసింది. కక్కిన పాలు ఈ నూగు తాగదు. మెడలోకి పంపుతుంది. అంచుల్లోని కుట్టు రంధ్రాల్లోంచి లోపలికి దిగిన పాలను ఇక బయటికి రానివ్వదు.

స్తేవాన్ పాత చొక్కా మీద నీళ్ళు పరుచుకున్నాయే గాని ఇంకలేదు. సగం నైలాను. దిండు గలీబు నున్నగా ఉంది, దాని మీదా అంతే. తెత్రా మాత్రం చెంచా వంచీ వంచకముందే తాగేసింది. తెత్రా ఇంట్లో కావలసినంత ఉంది. కానీ ఒక్క తెత్రాయే అయితే గరుకు, ఇప్పటికే ఒరుసుకుపోయిన చోట బుగ్గ ఆనించడానికి పనికిరాదు. పైన మెత్తటిదేదైనా కావాలి. మెత్తగా ఉండాలి, నీళ్ళు తాగాలి, త్వరగా వదలాలి. కొత్త ఫ్లానెల్ అయినా పనికిరాదు, పది ఉతుకులు పడితేగాని అది నీళ్ళకు దారి ఇవ్వదు.

మెట్ల పక్కన పెట్టెలో రదోయ్‌క అతిథుల కోసం దాచిన ఫ్లానెల్ దుప్పటి ఉంది. తెల్లటిది, అంచున నీలం గీత. ప్రతి వసంతంలోనూ తీసి, ఉతికి, ఎండబెట్టి, మళ్ళీ అదే మడతల్లో పెట్టేస్తుంది. దాని మీద ఎవరూ పడుకున్నది లేదు. ఇన్నేళ్ళ ఉతుకుల్లో దాని నూగు అరిగి పసిపిల్ల చెవి తమ్మెలా మెత్తబడింది. నెవెన చెంచాడు నీళ్ళు పోసింది. నీళ్ళు కనపడలేదు.

పెద్ద కత్తెర తెచ్చి, నీలం గీత దగ్గర గాటు పెట్టి, పోగు వెంట చర్రున చింపింది. ఆ చప్పుడు ఆమెకు బాగా అనిపించింది.

పొరల సంగతి ఆలోచించింది. ఫ్లానెల్ కింద ఒక్క తెత్రా వేసి తన భుజం మీద నీళ్ళు పోసుకుని చూసింది. గుక్కెడుకే రవిక తడిసింది. రెండు వేస్తే తడవలేదు. మూడు వేస్తే ఇంకా భద్రమే గాని చేతికి బరువు తగిలింది. ఆ బరువంతా రేపు దండెం మీద నీళ్ళ బరువు అవుతుంది. ఎంత తాగుతుందన్నది కాదు లెక్క, తాగినదాన్ని పొద్దు కుంకేలోపు వదులుతుందా అన్నది. రెండు చాలు. ఫ్లానెల్‌తో మూడు పొరలు.

కుట్టడం దగ్గర కాసేపు ఆగింది. నాలుగు వైపులా కుడితే మళ్ళీ సంచే. అందుకని ఒక్క పొట్టి అంచు మాత్రమే కలిపి కుట్టింది, పుస్తకానికి వీపు కుట్టినట్టు. భుజం మీద వేసుకుంటే మూడు పొరలూ ఒకటిగా ఉంటాయి. ఆరేసేటప్పుడు పేజీల్లా విడదీస్తే ఏ పొరకా పొర గాలికి ఆరుతుంది. ఫ్లానెల్ అంచులు మడిచి కుడితే ఆ మడత దగ్గర తడి నిలుస్తుందని మడవలేదు, పోగులు ఊడకుండా కాజాకుట్టు వేసింది. ఆమె కుట్టు అత్తగారి కుట్టంత తిన్నగా రాదు. ఒకచోట దగ్గర, ఒకచోట దూరం. బిడ్డ లేచినప్పుడల్లా ఆపి, పాలిచ్చి, మళ్ళీ మొదలుపెట్టింది. సాయంత్రానికి నాలుగు గుడ్డలు అయ్యాయి.

*

శుక్రవారం పొద్దున రదోయ్‌క మేడ మీదికి వచ్చి, పెట్టె మూత సరిగా పడలేదని తెరిచి, మిగిలిన దుప్పటి ముక్క చేత్తో పట్టుకుని గదిలోకి వచ్చింది.

"ఇది చుట్టాల కోసం దాచింది."

"దాని మీద ఎవరూ పడుకోలేదు కదా అత్తయ్యా."

"పడుకోలేదు కాబట్టే ఇన్నాళ్ళూ బాగుంది. ఎవర్నడిగి చింపావు?"

"మీరు ఎవర్నడిగి నా పాలు పులిశాయని ఊరంతా చెప్పారు?"

నెవెన గొంతు పెంచలేదు. బిడ్డ రొమ్ము వదిలి ఎటో చూసి మళ్ళీ అందుకున్నాడు. కోడలు బకెట్టు వైపు చూపించింది. అందులో ఉతికి పిండిన నాలుగు గుడ్డలున్నాయి.

"నేను పెరట్లోకి పోకూడదు. మీరే ఆరెయ్యాలి. పొరలు విడదీసి వెయ్యండి. మీ గుడ్డలు కూడా ఉతికి పక్కనే వెయ్యండి. సాయంత్రం రెండూ ముట్టుకుని చూడండి. అప్పుడు కూడా నా పాలే అంటే డబ్బా మీరే తెరుద్దురు గాని."

"నాకే పనులు చెబుతోంది," అంది రదోయ్‌క గదిలో ఇంకెవరో ఉన్నట్టు. బకెట్టు మాత్రం తీసుకుంది.

నెవెన కిటికీలోంచి చూసింది. అత్తగారు తన మందపాటి గుడ్డలను ముందు వేసింది, వరసగా, అంచుకు అంచు తగలకుండా, ఒక్కోదానికి రెండేసి క్లిప్పులు. తరవాత కోడలి గుడ్డలు తీసి, విడదీయకుండా మూడు పొరలూ కలిపి అలాగే దండెం మీద మడతేసింది. నెవెన అద్దం మీద వేలితో కొట్టింది. రదోయ్‌క తల ఎత్తి చూసి, మళ్ళీ బకెట్టులోకి వంగింది. ఇక చూడటం దండగ అనుకుని నెవెన వెనక్కి తిరగబోయింది. అంతలో రదోయ్‌క ఒక గుడ్డ దగ్గర ఆగి, కాజాకుట్టును దగ్గరగా చూసి, పెదవి విరిచి, లోపల ఎలా ఉందో అని కాబోలు పొరలు తెరిచింది. తెరిచినదాన్ని మళ్ళీ మూయలేదు. ఒక పొరను ఒక తీగ మీదా, మరోదాన్ని పక్క తీగ మీదా పరిచింది. తరవాత మిగిలిన మూడింటినీ అలాగే పరిచింది.

మధ్యాహ్నం నెవెనకు బంగాళాదుంప ఉడికించిన నీళ్ళు వచ్చాయి, ఉల్లిపాయ లేకుండా. ఎండ పల్చగా వచ్చి, కొంతసేపు నిలబడి, పాక వైపు జారింది. పొద్దు ఆ కప్పు మీదికి వాలేసరికి రదోయ్‌క బుట్ట తీసుకుని పెరట్లోకి వెళ్ళింది.

ముందు పలచటి గుడ్డలను ముట్టుకుంది. ఒక్కో పొరనూ వేళ్ళ మధ్య నలిపింది. నాలుగూ తీసి బుట్టలో వేసింది. తరవాత తన గుడ్డల దగ్గరికి వెళ్ళి మొదటిదాన్ని నడుమ పట్టుకుని పిండింది. నీళ్ళు కారలేదు గాని ఆమె అరచేతిని నడుముకు కట్టుకున్న ఏప్రానుకు తుడుచుకోవడం పైనుంచి కనిపించింది. రెండోదాన్ని పిండింది. మూడోదాన్ని ముక్కు దగ్గర పెట్టుకుంది. ఈసారి మొహం తిప్పుకోలేదు. దాన్ని తిరిగి తీగ మీదే వేసింది.

కంచె అవతల బోసిల్క ఏదో అడిగింది. రదోయ్‌క బుట్ట ఎత్తుకుని లోపలికి వచ్చేసింది.

ఆమె మేడ ఎక్కి వచ్చేసరికి బిడ్డ పాలు తాగడం అయింది. నెవెన లేవలేదు. రదోయ్‌క కోడలి గుడ్డ ఒకటి ఇస్త్రీ చేయకుండానే తన భుజం మీద పరుచుకుని, చేతులు చాచి బిడ్డను అందుకుంది. గది మధ్యలో నిలబడి వీపు తట్టింది. వాడు త్రేన్చి, ఎప్పటిలాగే కక్కాడు. పాలు జారలేదు. పడ్డచోటే ఇంకిపోయి, నీలం గీత పక్కన చిన్న మచ్చ అయింది. రదోయ్‌క మెడ వంచి ఆ మచ్చ వాసన చూసింది. ఒకసారి చూసి మళ్ళీ చూసింది.

కింద గేటు చప్పుడైంది. పని నుంచి వచ్చిన స్తేవాన్ పెరట్లోంచి కేకేశాడు.

"అమ్మా, పొద్దు కుంకింది. బాబు బట్టలు ఇంకా దండెం మీదే ఉన్నాయి. మరిచిపోయావా?"

రదోయ్‌క బిడ్డతో కిటికీ దగ్గరికి వెళ్ళింది.

"ఉండనీ."

"అదేంటి? తీసుకొస్తానులే."

"తేవద్దు. అవి బాబువి కావు."

"మరెవరివి?"

రదోయ్‌క బిడ్డ వీపు మీద చెయ్యి ఆపింది. నెవెన ఆమె వైపే చూస్తోంది. అత్తగారు ఇటు తిరగలేదు.

"నావి," అంది.

నెవెన ఇంకో మాట వస్తుందేమోనని చూసింది. రాలేదు. ఆమెకు ఆ ఒక్క మాట చాలలేదు, చాలినట్టు మొహం పెట్టదలచుకోనూ లేదు. లేచి వెళ్ళి రెండు చేతులూ చాచి, "ఇలా ఇవ్వండి," అంది. బిడ్డను తీసుకుని వచ్చి కుర్చీలో కూర్చుని రెండో వైపు రొమ్ము పట్టింది.